రొద తగ్గితే... పాట పెరుగుతుంది!

జేబులో వేల పాటలున్నాయి. వాటిని చెవి దాకా చేర్చేది మాత్రం వేలి కొనంత ఉండే రెండు బుల్లి పరికరాలు. అవి రెండొందలకూ దొరుకుతాయి, ఇరవై వేలకూ దొరుకుతాయి. షాద్‌నగర్‌లో రైలెక్కి రోజూ పట్నం వెళ్లొచ్చే విద్యార్థికీ చిరుద్యోగికీ ఏవి నప్పుతాయి? డబ్బు వృథా కాకుండా, చెవులు చెడకుండా ఇయర్‌ఫోన్లు ఎంచుకునేదెలా?

అది 1979. జులై 1న జపాన్‌లో సోనీ కంపెనీ ‘వాక్‌మన్‌’ అనే చిన్న టేప్ ప్లేయర్‌ని మార్కెట్లోకి తెచ్చింది. నడుస్తూ కూడా పాట వినొచ్చని లోకానికి తెలిసొచ్చింది అప్పుడే. అదే ఏడాది మన షాద్‌నగర్‌లోనూ ఓ విశేషం జరిగింది. ఉపగ్రహాలు పంపే చిత్రాలను అందుకునే భూకేంద్రం అక్కడ వెలిసింది. మొదట్లో అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహాల సమాచారం అందుకుంది, తర్వాత మన ఉపగ్రహాలవీ. ఇప్పుడది ఇస్రో ఆధ్వర్యంలోని జాతీయ రిమోట్ సెన్సింగ్ సెంటర్‌లో భాగం.

ఈ రెంటికీ సంబంధం ఏమిటంటారా? ఉంది. వందల కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సంకేతం నేలకు చేరేసరికి బాగా సన్నబడిపోతుంది. ఉపగ్రహం దగ్గరికెళ్లి ‘కాస్త గట్టిగా చెప్పు’ అనలేం కదా! అందుకే పెద్ద గొడుగులాంటి యాంటెన్నాని సరిగ్గా దానివైపే తిప్పుతారు. చుట్టుపక్కల రేడియో రొద అందులోకి చొరబడకుండా జాగ్రత్త పడతారు. రొద తగ్గితే ఎంత సన్నటి సంకేతమైనా స్పష్టంగా అందుతుంది. రైల్లో కూర్చుని పాట వినేవాళ్లకు పనికొచ్చే సూత్రమూ సరిగ్గా ఇదే. తక్కువ ధరలో మంచి ఇయర్‌ఫోన్ అంటే... బయటి రొదను చెవి గుమ్మం దగ్గరే ఆపేసి, చిన్న వాల్యూమ్‌లోనే పాట వినిపించేది.

పదిహేను గంటల లెక్క

కాచిగూడ - మహబూబ్‌నగర్ రైలు మార్గంలో ఉంది షాద్‌నగర్. 2016లో జిల్లాలు మారినప్పుడు పాలమూరు నుంచి రంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. పొద్దున్నే ప్యాసింజర్ ఎక్కి తిమ్మాపూర్, ఉందానగర్, ఫలక్‌నుమాల మీదుగా కాచిగూడ చేరేవాళ్లలో చదువుకునేవాళ్లూ ఉంటారు, కొలువులు చేసుకునేవాళ్లూ ఉంటారు. జాతీయ రహదారి మీద ఆర్టీసీ బస్సు పట్టుకునేవాళ్లు సరేసరి. ఎటు వెళ్లినా గంటకు పైగా ప్రయాణం. రానూపోనూ రెండున్నర గంటలు అనుకుందాం. వారానికి ఆరు రోజులు తిరిగితే పదిహేను గంటలు. ఆ సమయమంతా చెవిలో పాటలు మోగుతూనే ఉంటే?

ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికో లెక్క చెబుతోంది. పెద్దవాళ్లు 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల వరకూ వినొచ్చు. శబ్దం 90 డెసిబెల్స్‌కు చేరితే వారానికి 4 గంటలే. 100 డెసిబెల్స్ అయితే దాదాపు 20 నిమిషాలే! ఎందుకింత తేడా అంటే... డెసిబెల్ లెక్క మామూలు కూడికల్లా నడవదు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ శబ్దశక్తి రెట్టింపవుతుంది. అంటే వినదగ్గ సమయం సగానికి పడిపోతుంది. 80 దగ్గర 40 గంటలైతే, 83 దగ్గర 20 గంటలు, 86 దగ్గర పదే గంటలు. మన రైలు ప్రయాణికుడి పదిహేను గంటలను ఈ లెక్కలో పెట్టి చూడండి. 83 దగ్గర ఫర్వాలేదు. 86 దగ్గర హద్దు దాటేసినట్టే. వాల్యూమ్ మీటను ఒకటి రెండుసార్లు ఎక్కువ నొక్కితే వచ్చే తేడా అది.

పన్నెండేళ్ల నుంచి ముప్ఫయ్యైదేళ్ల లోపు వాళ్లలో వంద కోట్ల మందికి పైగా ఇలా అతిగా వినడం వల్ల వినికిడి పోగొట్టుకునే ప్రమాదంలో ఉన్నారన్నది ఆ సంస్థ అంచనా. లోపలి చెవిలో శబ్దాన్ని పసిగట్టే సన్నటి కేశకణాలు ఒక్కో చెవికి సుమారు 15 వేలు ఉంటాయి. అవి ఒకసారి చచ్చిపోతే మళ్లీ పుట్టవు. సాధారణంగా ముందు దెబ్బతినేది హెచ్చు స్థాయి శబ్దాలను వినే కణాలు. దాంతో మాట వినిపిస్తుంది కానీ అర్థం కాదు. స, శ, ష లాంటి అక్షరాలు జారిపోతాయి. ‘ఏమన్నావ్?’ అని పదే పదే అడగాల్సి వస్తుంది.

మరి వాల్యూమ్ ఎందుకు పెంచుతాం? పాట మీద ప్రేమతో కాదు, రైలు చప్పుడు మీద కోపంతో! పెట్టెలో రొద 80 డెసిబెల్స్ ఉంటే పాట వినపడాలంటే అంతకంటే పైకి వెళ్లాలి. చెవిని సరిగ్గా మూసే ఇయర్‌ఫోన్ ఆ రొదను 15 డెసిబెల్స్ తగ్గించిందనుకోండి. లోపలికి వచ్చేది 65. అప్పుడు పాట 75 దగ్గరే హాయిగా వినిపిస్తుంది. ఇయర్‌ఫోన్ ఎంపికలో అసలు కిటుకు ఇక్కడుంది.

గవ్వ నుంచి బిరడా దాకా

వాక్‌మన్‌తో వచ్చినవి తల మీద తగిలించుకునే స్పాంజి హెడ్‌ఫోన్లు. 1982లో సోనీ చెవి గవ్వలో ఆనించే చిన్న ఇయర్‌ఫోన్లు తెచ్చింది. 2001లో ఆపిల్ ఐపాడ్ వచ్చినప్పుడు పెట్టెలో ఉన్న తెల్లటివి ఈ రకమే. అవి చెవి గుమ్మంలో కూర్చుంటాయి తప్ప తలుపు మూయవు. పక్కవాళ్ల మాటలు, పట్టాల చప్పుడు, పల్లీలమ్మేవాళ్ల కేకలు అన్నీ లోపలికి వచ్చేస్తాయి.

చెవి కాలువలోకి దూరి బిరడాలా మూసే రకం వేరు. వీటినే ఇన్-ఇయర్ అంటారు. అమెరికాలో ఎటిమోటిక్ కంపెనీ 1991లో ఈఆర్-4 పేరుతో ఇలాంటివి తెచ్చింది. వేదిక మీద డప్పుల హోరులో వాయించే రాక్ సంగీతకారుల కోసం ఒక్కొక్కరి చెవి అచ్చుతో చేసినవీ వచ్చాయి. చుట్టూ హోరున్నా తమ వాయిద్యం తమకు వినపడాలన్నది వాళ్ల అవసరం. అప్పట్లో అవి సామాన్యుడికి అందనివి. 2000ల నడుమ క్రియేటివ్ ఈపీ-630, సెన్‌హైజర్ సీఎక్స్ 300 లాంటివి వచ్చాకే మామూలు కుర్రాళ్లు ‘ఇన్-ఇయర్’ మాట పలకడం మొదలెట్టారు.

మన ఊళ్లలో అది ఎంపీ3 కాలం. మొబైల్ దుకాణంలో పదో పాతికో ఇచ్చి మెమరీ కార్డు నిండా పాటలు ఎక్కించుకునేవారు. ఆ తర్వాత ప్లేయర్ పని కూడా ఫోనే నెత్తినేసుకుంది. 2022 మేలో ఆపిల్ ఐపాడ్ తయారీకి స్వస్తి చెప్పింది. పాటల డబ్బా మారిపోయింది కానీ చెవి మారలేదు. అందుకే ఎంచుకునే సూత్రాలూ మారలేదు.

లోపల ఏముంటుంది?

తక్కువ ధర ఇయర్‌ఫోన్లలో దాదాపు అన్నింటి లోపలా ఉండేది ఒకటే సరంజామా. ఓ చిన్న అయస్కాంతం, సన్నటి తీగచుట్ట, దానికి అంటించిన పలచటి పొర. ఫోన్ నుంచి వచ్చే విద్యుత్ సంకేతం తీగచుట్టను కదిలిస్తే పొర అదురుతుంది. ఆ అదురే గాలిలో శబ్దమై కర్ణభేరిని తాకుతుంది. ఇంట్లో పెద్ద స్పీకరూ ఇలాగే పనిచేస్తుంది. మరి గుండీ అంత పొర మృదంగం దెబ్బను ఎలా వినిపిస్తుంది?

చెవిని బిగుతుగా మూసినప్పుడు పొరకూ కర్ణభేరికీ మధ్య మిగిలే గాలి చాలా కొంచెం. ఆ కాస్త గాలిని ఒత్తడానికి చిన్న పొర చాలు. ఎక్కడైనా సందు ఉంటే ఒత్తిడి అక్కడి నుంచి జారిపోతుంది. ముందుగా మాయమయ్యేది మంద్రస్థాయి శబ్దాలే. ‘దీంట్లో బేస్ లేదు’ అని తిట్టుకునేవాళ్లలో చాలామంది ఇయర్‌ఫోన్లో లోపం ఉండదు. రబ్బరు తొడుగు సైజు సరిపోక గాలి కారిపోతుంటుంది, అంతే!

ఓ చిన్న పరీక్ష

పెట్టెలో సాధారణంగా మూడు జతల రబ్బరు తొడుగులు ఇస్తారు... చిన్నవి, నడిమివి, పెద్దవి. బిగించి వచ్చేవి నడిమివి. చాలామంది మిగతా రెండు జతలను కవర్లోనే వదిలేస్తారు. అవే అసలు ఖజానా!

పాట పెట్టకుండా రెండు చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి. నోరు మూసుకుని ‘ఊఁ...’ అని రాగం తీయండి. కుండలో మాట్లాడినట్టు మీ గొంతు మీకే గుమ్మని వినిపిస్తే చెవి సరిగ్గా మూసుకున్నట్టు. మామూలుగా వినిపిస్తే సందు ఉన్నట్టు. ఇంకో సైజు మార్చి చూడండి. కుడి చెవికి నడిమిది, ఎడమ చెవికి పెద్దది సరిపోవడం వింతేమీ కాదు. రెండు చెవులూ అచ్చం ఒకేలా ఉండాలని లేదు.

పెట్టుకునే పద్ధతి కూడా ఉంది. ఎదుటి చేత్తో తల వెనక నుంచి చెవి పైభాగాన్ని కాస్త పైకీ వెనక్కీ లాగి, ఇయర్‌ఫోన్‌ను మెల్లగా తిప్పుతూ పెట్టాలి. చెవి వదిలేశాక బిగుసుకుంటుంది. నొప్పి పుట్టేలా తోయకూడదు. అరగంటలో చెవి నొప్పెడితే తొడుగు సైజు పెద్దదయి ఉంటుంది, లేదా ఆ ఇయర్‌ఫోన్ ఆకారమే మీ చెవికి పడదు. ఎంత పేరున్న కంపెనీదైనా సరే, అది మీది కాదు. రబ్బరు నప్పనివాళ్లకు నొక్కితే కుంచించుకుని చెవిలో మళ్లీ ఉబ్బే ఫోమ్ తొడుగులు విడిగా దొరుకుతాయి. రొదను ఆపడంలో ఇవి గట్టివి. కాకపోతే త్వరగా పాడవుతాయి.

పెట్టె మీది అంకెల మాయ

దుకాణంలో పెట్టె తిరగేస్తే బోలెడన్ని అంకెలు. వాటిలో ఏవి పనికొస్తాయి?

20 - 20,000 హెర్ట్జ్: మనిషి చెవి వినగలిగే పరిధి ఇది. దాదాపు ప్రతి పెట్టె మీదా ఉంటుంది. రెండొందల వాటి మీదా ఇదే, రెండు వేల వాటి మీదా ఇదే. ఆ పరిధిలో ఏ స్థాయిని ఎంత సమంగా పలికిస్తుందన్నదే నాణ్యత. అది ఈ అంకెలో తెలియదు.

10 మి.మీ. డ్రైవర్: లోపలి పొర కొలత. పెద్దదైతే గొప్పదని కాదు. ఆరు మిల్లీమీటర్ల పొర కమ్మగా పలకొచ్చు, పద్నాలుగుది డొల్లగా మోగొచ్చు.

16 ఓమ్‌లు, 32 ఓమ్‌లు: విద్యుత్ నిరోధం. ఫోన్‌తో వినడానికి ఈ మధ్య ఉన్నవి చాలు. వందల ఓమ్‌లు ఉండేవి స్టూడియో సరుకు.

సెన్సిటివిటీ 100 డెసిబెల్స్: ఒక మిల్లీవాట్ విద్యుత్తుకు ఎంత గట్టిగా మోగుతుందన్నది. వంద దరిదాపుల్లో ఉంటే ఫోన్‌కు ధారాళంగా సరిపోతుంది. 

‘ఎక్స్‌ట్రా బేస్’: ఇది కొలత కాదు, రుచి. సినిమా బీట్‌లు నచ్చేవాళ్లకు మొదట మజాగా ఉంటుంది. గంట వింటే గాయకుడి గొంతు మసకబారినట్టు అనిపిస్తుంది. మాట వినపడటం లేదని మళ్లీ వాల్యూమ్ పెంచుతారు. రైల్లో వినేవాళ్లకు ఇది మంచి బేరం కాదు.

మరి ధర ఎక్కువైతే నాణ్యత ఎక్కువా? జెరోన్ బ్రీబార్ట్ అనే పరిశోధకుడు 283 హెడ్‌ఫోన్లను తీసుకుని ఏ స్థాయి శబ్దాన్ని ఎంత పలికిస్తున్నాయో చూశారు. ఆ తీరుకూ ధరకూ పొంతనే లేదని 2017లో అమెరికా ధ్వనిశాస్త్ర సంఘం పత్రికలో ప్రకటించారు. పేరు, పెట్టె, మెరుపు, మన్నిక... డబ్బు వీటికి వెళ్తుందన్నమాట. 2022లో చైనా కంపెనీలు తెచ్చిన మూన్‌డ్రాప్ చూ, సెవెన్‌హెర్ట్జ్ జీరో లాంటివి ఇరవై డాలర్ల దరిదాపు ధరకే సంగీత ప్రియుల మెప్పు పొందాయి. కాబట్టి జేబు చిన్నదని చిన్నబోవాల్సిన పనిలేదు.

వైరా... వైర్‌లెస్సా?

వైర్ ఉన్నవాటికి ఛార్జింగ్ అక్కర్లేదు. బ్యాటరీ ఉండదు కాబట్టి అది ముసలిదయ్యే బాధా లేదు. అదే ధరకు వైర్‌లెస్‌లో బ్యాటరీ, రేడియో చిప్, ఛార్జింగ్ డబ్బా అన్నీ ఇరికించాలి. తక్కువ బడ్జెట్‌లో పాట నాణ్యతే ముఖ్యమనుకుంటే వైర్‌దే పైచేయి. పెద్దగా చిక్కు ఒకటే. 2016లో వచ్చిన ఐఫోన్ 7 సహా చాలా ఫోన్లలో 3.5 మి.మీ. రంధ్రం మాయమైంది. అలాంటి ఫోన్ ఉంటే టైప్-సి పిన్ను ఉన్న ఇయర్‌ఫోన్లు కొనాలి, లేదా చిన్న అడాప్టర్ తగిలించుకోవాలి. కొనేముందు ఫోన్ జేబులోంచి తీసి ఏ రంధ్రం ఉందో చూసుకోవడం మరవొద్దు.

వైర్‌లెస్‌కు దాని సుఖం దానికుంది. కిక్కిరిసిన పెట్టెలో ఎవరి బ్యాగుకో వైరు చిక్కుకుని ఊడిపోయే గొడవ ఉండదు. కానీ లిథియం బ్యాటరీ ఏటికేడు బలం కోల్పోతుంది. రెండు మూడేళ్లలో ఛార్జింగ్ నిలిచే సమయం బాగా తగ్గిపోవడం మామూలే. వేలెడంత వస్తువులో బ్యాటరీ మార్చడం మన వీధి మెకానిక్‌కు కూడా కష్టం. ‘నాయిస్ క్యాన్సలేషన్’ ఉన్నవి బయటి రొదకు ఎదురు శబ్దం పుట్టించి రెంటినీ కొట్టుకుపోయేలా చేస్తాయి. రైలు, విమానాల్లోని ఎడతెగని గుర్రుమనే మోతకు ఇది బాగా పనిచేస్తుంది. అయితే రబ్బరు తొడుగు సరిగ్గా కూర్చోకపోతే అందులోనూ సగం ఫలితం గాలికిపోతుంది.

వైర్‌వి కొనేటప్పుడు రెండుచోట్ల వేలితో తడిమి చూడాలి. పిన్ను దగ్గర, ఇయర్‌ఫోన్‌లోకి వైరు దూరేచోట. తెగిపోయేవి ఎక్కువగా అక్కడే. మెత్తటి రబ్బరు గొట్టం లాంటి రక్షణ ఉంటే మంచిది. వైరును విడదీసి మార్చుకునే మోడళ్లు కాస్త ఎక్కువ ధరలో దొరుకుతాయి. వైరు తెగితే ఇయర్‌ఫోన్ మొత్తం పారేయక్కర్లేదు. నడుస్తుంటే వైరు చొక్కాకు రాసుకుని చెవిలో గరగరమంటే దాన్ని చెవి పైనుంచి వెనక్కి తిప్పి పెట్టుకుంటే చాలావరకు తగ్గుతుంది.

కోఠిలో బేరం

షాద్‌నగర్ మొబైల్ దుకాణాల్లోనూ ఇయర్‌ఫోన్లు వేలాడుతుంటాయి. కాచిగూడలో దిగేవాళ్లకు కోఠి ఎంతో దూరం కాదు. అక్కడి గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ సామాన్లకు పెట్టింది పేరు. ఆబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్ మొబైల్ సరుకుకు ప్రసిద్ధి. ఎక్కడ కొన్నా కొన్ని జాగ్రత్తలు అవసరం.

మొదటిది, నకిలీ. పేరున్న కంపెనీ సరుకు సగం ధరకే ఇస్తామంటే అనుమానించాలి. పెట్టె మీద అక్షరదోషాలు, మసక ముద్రణ, దిగుమతిదారు చిరునామా లేకపోవడం... ఇవన్నీ గుర్తులు. రెండోది, బిల్లు. వంద రూపాయలు తగ్గిస్తామంటే బిల్లు వదులుకోవడం తెలివి కాదు. బిల్లు లేనిదే వారంటీ ఉండదు. మోసపోయామనుకుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలన్నా చేతిలో ఆధారం ఉండాలి. మూడోది, వైర్‌లెస్ ఇయర్‌ఫోన్ల మీద భారత ప్రమాణాల సంస్థ ముద్ర, ‘ఆర్’ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడాలి. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొట్టి సరిచూసుకోవచ్చు. చెవిలో బ్యాటరీ పెట్టుకుంటున్నప్పుడు ఈమాత్రం శ్రద్ధ అవసరమే.

ఎంత పెట్టాలి? రెండు మూడొందల లోపువి అత్యవసరానికి. అందులో మంచివి ఉండవని కాదు కానీ ఒకే మోడల్‌లో కూడా ఒకటి పలికినట్టు ఇంకోటి పలక్కపోవచ్చు. ఐదొందల నుంచి పదిహేను వందల మధ్య వైర్ ఇయర్‌ఫోన్లలో రోజువారీ ప్రయాణికుడికి సరిపడేవి దొరుకుతాయి. రెండు వేలు దాటాక పెట్టే ప్రతి వెయ్యికీ కలిసొచ్చే నాణ్యత తగ్గుతూ పోతుంది. ఆ డబ్బుతో ఓ జత ఫోమ్ తొడుగులు, చిన్న సంచీ కొనుక్కోవడం మేలు.

కిన్నెర పలికితే నెగ్గినట్టే

వినిచూసే అవకాశం ఇచ్చే దుకాణంలో మనకు బాగా తెలిసిన పాటే పెట్టాలి. కొత్త పాటతో ఇయర్‌ఫోన్ గుణం తెలియదు. ఏవి వినాలి?

దప్పు మోతతో మొదలెట్టండి. కర్ర తగిలిన చోట ‘టక్కు’మనే అంచు వినిపించాలి, ఆ వెంటనే తోలు గుమ్మనాలి. అంతా కలిసి ‘బుమ్’ అని ముద్దగా వినిపిస్తే బేస్ అతి అయినట్టు. ఘంటసాల పాత పాట ఒకటి వినండి. అందులో ఉన్నదంతా గొంతే. అది ముందుకొచ్చి పలకాలి, గోడ అవతల నుంచి వచ్చినట్టు ఉండకూడదు. ఆ తర్వాత కిన్నెర. నాగర్‌కర్నూల్ జిల్లాకు చెందిన, 2022లో పద్మశ్రీ అందుకున్న దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర విన్నవాళ్లకు దాని తీగ నాదం, సొరకాయ బుర్రల నుంచి వచ్చే ప్రతిధ్వని గుర్తుండే ఉంటాయి. ఈ పాలమూరు వాద్యం పలికేది ఎక్కువగా నడిమి స్థాయిలో. చవక ఇయర్‌ఫోన్లు ఎక్కువగా తప్పేదీ అక్కడే. తీగ మీటు, గొంతు విడివిడిగా వినిపిస్తే ఆ ఇయర్‌ఫోన్ నెగ్గినట్టే. చివరగా సన్నాయో వయొలినో వినండి. పై స్థాయికి వెళ్లినప్పుడు చెవిలో సూది గుచ్చినట్టు ఉంటే వద్దనేయండి.

ఒక్క మాట... పాట ఫైలే నాసిరకమైతే ఏ ఇయర్‌ఫోనూ ఏమీ చేయలేదు. చోటు కలిసొస్తుందని బాగా కుదించిన పాత ఎంపీ3 పాటల్లో తాళాల చప్పుడు నీళ్లలో పడ్డట్టు వినిపిస్తుంది. మంచి ఇయర్‌ఫోన్ ఆ లోపాన్ని ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. పరీక్షకు నాణ్యమైన రికార్డింగే వాడాలి.

పట్టాల దగ్గర చెవులు తెరిచే ఉండాలి

చెవిని బాగా మూసే ఇయర్‌ఫోన్ గుణం రైలు పెట్టెలో వరం. ప్లాట్‌ఫాం మీద, పట్టాల పక్కన, జాతీయ రహదారి మీద అదే గుణం ప్రాణాంతకం. వెనక నుంచి వచ్చే లారీ హారన్, రైలు కూత వినపడవు. పెట్టెలో కూర్చున్నాకే చెవికి పెట్టడం, దిగడానికి లేవగానే తీసేయడం... ఈ ఒక్క అలవాటు ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పాలి. బండి నడిపేటప్పుడు ఒక చెవిలో కూడా వద్దు.

వాల్యూమ్‌కూ ఓ పద్ధతి ఉంది. ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు హాయిగా వినిపించే స్థాయిని గుర్తుపెట్టుకోండి. గరిష్ఠంలో అరవై శాతానికి మించకుండా చూసుకోవాలని నిపుణులు చెబుతారు. రైల్లో అంతకంటే బాగా పెంచాల్సి వస్తోందంటే తొడుగు సరిగ్గా కూర్చోలేదని అర్థం. ముందు దాన్ని సరిచేయాలి, తర్వాతే మీట జోలికి వెళ్లాలి. చాలా ఫోన్లలో గరిష్ఠ వాల్యూమ్‌కు హద్దు పెట్టే ఏర్పాటు ఉంటుంది. పిల్లల ఫోన్లలో అది పెట్టేయడం తల్లిదండ్రుల పని. గంటకోసారి ఓ పది నిమిషాలు చెవికి విరామం ఇస్తే మంచిది.

శుభ్రత కూడా ముఖ్యమే. వారానికోసారి రబ్బరు తొడుగులు తీసి గోరువెచ్చటి సబ్బు నీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక తగిలించాలి. జాలీకి గులిమి అంటుకుంటే ఒక చెవిలో శబ్దం తగ్గిపోతుంది. ‘పాడైపోయింద’ని పారేసే ముందు మెత్తటి పొడి బ్రష్‌తో దులిపి చూడండి. ఒకరి చెవిలోది ఇంకొకరు పెట్టుకోవడం స్నేహానికి గుర్తే కావొచ్చు కానీ ఇన్‌ఫెక్షన్‌కు దారి కూడా. చెవి కారుతున్నా నొప్పిగా ఉన్నా తగ్గేదాకా ఇన్-ఇయర్ జోలికి పోకూడదు. పాటలు ఆపేశాక కూడా చెవిలో గుయ్‌మనే హోరు వదలకపోతే, పక్కవాళ్ల మాట మూసుకుపోయినట్టు వినిపిస్తుంటే ఆలస్యం చేయకుండా డాక్టర్‌ని కలవాలి. ఇయర్‌ఫోన్లు కొనే ఆ కోఠిలోనే ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా ఉంది!

షాద్‌నగర్ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే, కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్ కర్మాగారానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. 2025లో అక్కడ ఆపిల్ ఎయిర్‌పాడ్స్ తయారీ మొదలైంది, విదేశాలకు పంపడానికి. ప్రపంచం చెవుల్లో పెట్టుకునే వస్తువు మన జిల్లాలో తయారవడం ముచ్చటే. అయితే అది ఎక్కడ తయారైనా, ఎంతకు కొన్నా చివరికి చేరేది ఆ రెండు చెవుల్లోకే. ఇయర్‌ఫోన్‌కు ఏడాది వారంటీ ఇస్తారు. చెవులకు వారంటీ లేదు, విడిభాగాలూ దొరకవు. కాబట్టి పాట వినాలనిపించినప్పుడు వేలు ముందుగా వెళ్లాల్సింది వాల్యూమ్ మీట మీదికి కాదు, పెట్టెలో పడేసిన ఆ రెండు జతల రబ్బరు తొడుగుల మీదికి!